తిరిగి ఇవ్వని సీసా

పెరటి టమాటాలను ఉడికించి సీసాల్లో నిలవ పెట్టడం నేర్పే తరగతి అప్పుడే ముగిసింది. హాలు వెనక కుళాయి దగ్గర పక్కపక్క ఇళ్ళ ఆడవాళ్ళిద్దరు గిన్నెలు తోముతున్నారు.

"అక్కయ్యగారూ, పోయినసారి తరగతిలో ఒకరికొకరం ఇచ్చుకున్న సీసాలు అందరూ ఖాళీ చేసి తెచ్చారు. నేనిచ్చింది మీ దగ్గరే ఉండిపోయింది."

"ఇంకా మూత తియ్యలేదు."

"బాగుండదనా?"

"బాగుంటుందనే. నా సీసాలన్నీ బూజు పట్టాయి. నారు నేనిచ్చాను, పేరు నీకొచ్చింది. టీచరమ్మ నిన్ను మెచ్చుకుంటుంటే నాకు కడుపు మండిపోయింది."

"సీసా తడి ఆరకుండానే పోసేస్తారు మీరు. ఎన్నిసార్లు చెప్పాను?"

"చెప్పావులే. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట."

"అంత కోపమైతే నా సీసా నాకిచ్చెయ్యండి. ఎల్లుండే కదా మేం ఇల్లు మారేది."

"ఆ ఇంటికి పెరడుందా?"

"ఉంది. మన రెండు పెరళ్ళూ కలిపినంత."

"అదీ నీకే దొరికింది. సీసా మాత్రం ఇవ్వను."

"ఏం చేసుకుంటారు దాంతో?"

"అది నా దగ్గరుంటే, అడగడానికైనా మా గుమ్మం తొక్కుతావు."

"సీసా లేకపోయినా వస్తాను."

"వెళ్ళేవాళ్ళందరూ ఆ మాటే అంటారు. అక్కడా మా టమాటాలే వేస్తావా?"

"నారు తీసి తడిగుడ్డలో చుట్టి పెట్టుకున్నాను, అక్కయ్యగారూ."

"అక్కడి పక్కింటావిడకు మాత్రం ఇవ్వకు."

"అడిగితే?"

"ఎండిపోయిందని చెప్పు."