అభ్యంతరం ఉన్నవారు: ఒకరు

పిన్నీ, మన వీధి పెద్దలూ, అక్కచెల్లెళ్ళూ, అన్నదమ్ములూ. తలుపు దగ్గరే నిలబడిపోయిన ఫ్యాక్టరీ అమ్మాయిలూ, ముందు మీరు లోపలికి రండి. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈ సభలో మాకెంత చోటుందో మీకూ అంతే ఉంది.

ఈ హాలు మనం మాట్లాడుకున్నది ఈ సభ కోసం కాదు. ఆ సంగతి మీ అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఇందాకటి నుంచీ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోతున్నాం. ఈ రోజు, ఈ వేళకి, ఇదే వేదిక మీద మన దర్జీ బాబాయ్‌కి సన్మానం చేయాలనుకున్నాం. కుర్చీలవాళ్ళకి చెప్పింది దానికి. మైకు పెట్టించింది దానికి. నేను నాలుగు మంచి మాటలు రాసి పెట్టుకున్నదీ దానికే. ఆ కాగితం ఇంట్లోనే వదిలేసి వచ్చాను. అందులో ప్రతి వాక్యమూ "మీరు" అని ఆయన్ని పిలుస్తూ ఉంది. ఎవరిని చూసి చదవను?

అందుకే చేతిలో ఏమీ లేకుండా మాట్లాడుతున్నాను. తడబడితే ఓర్చుకోండి.

వీధికి కొత్తగా అద్దెకి వచ్చినవాళ్ళున్నారు, వాళ్ళ కోసం చెప్తాను. వీధి చివర ఇనుప గేటుని ఆనుకుని ఉన్న ఇల్లు బాబాయ్‌ది. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు కాపురం. మనందరి ఒంటి కొలతలూ ఆయనకి నోటికి వచ్చు. ఎవరు లావయ్యారో, ఎవరు చిక్కారో మన ఇంట్లోవాళ్ళ కన్నా ముందు ఆయనకి తెలిసిపోయేది. తెలిసినా పైకి అనేవాడు కాదు. గుండీ కాస్త జరిపి కుట్టి ఊరుకునేవాడు.

దర్జీ బాబాయ్ అన్నది పెద్దవాళ్ళు పిలిచిన పేరు. వీధిలో పిల్లలు పెట్టిన పేరు ఇంకోటి ఉంది. అభ్యంతరం బాబాయ్. పిన్నీ, నువ్వు నవ్వినా ఫరవాలేదు. ఆ పేరు ఆయనకి ఇష్టమేనని నాకు తెలుసు.

మన వీధి సంఘంలో ఒక అలవాటుంది. తీర్మానం చదివాక, అభ్యంతరం ఉన్నవారు చెయ్యెత్తండి అని నేను అడుగుతాను. అడగ్గానే కిటికీ పక్క కుర్చీలోంచి ఒక చెయ్యి లేచేది. సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు తీయడం కూడా మర్చిపోయిన చెయ్యి. మన కార్యదర్శిగారు కాగితం మీంచి తలెత్తేవారు కాదు. "అభ్యంతరం ఉన్నవారు: ఒకరు" అని రాసుకుని ముందుకి వెళ్ళిపోయేవారు. ఒకసారి బాబాయ్ జ్వరంతో సమావేశానికి రాలేదు. ఆ రోజు కూడా కార్యదర్శిగారి కలం "ఒకరు" అనే రాసింది. తర్వాతి సమావేశంలో అది చదివి వినిపిస్తే, రాని మనిషిని లెక్కలో ఎలా వేస్తారని బాబాయ్ దానికీ అభ్యంతరం చెప్పాడు.

చెయ్యెత్తిన ప్రతిసారీ ఆయన మాటే నిజమైందని నేను చెప్పను. పోయినవాళ్ళ గురించి అలా చెప్పడం మర్యాద అంటారు, ఆయనకి అలాంటి మర్యాదలు గిట్టవు. వీధికి తెల్ల దీపాలు వద్దన్నాడు, కళ్ళు పోతాయన్నాడు. ఎవరి కళ్ళూ పోలేదు. ఆ దీపం కిందే స్టూలు వేసుకుని కాజాలు కుట్టుకున్నాడు. బాగుందని మాత్రం నోరు తెరిచి ఒప్పుకోలేదు.

వీధి కుక్కల సంగతి మీకు గుర్తుందా? వాటికి సూదులు వేయించి మన దగ్గరే ఉంచుకుందాం అన్నాం. ఆయన వద్దన్నాడు. కుక్కలంటే ఆయనకి చచ్చేంత భయం. ఓట్లలో ఓడిపోయాడు. సూదులు వేసే డాక్టరు వచ్చిన రోజున, దేనికి వేశామో దేనికి వేయలేదో తెలియక మనం తల పట్టుకుని కూర్చుంటే, బాబాయ్ దుకాణంలోంచి ఒక సంచీ తెచ్చాడు. రాత్రంతా కూర్చుని మిగులు గుడ్డలతో పట్టీలు కుట్టాడట. సూది పడిన కుక్క మెడకి ఒక పట్టీ. కట్టడానికి మాత్రం దగ్గరికి రాలేదు. అరుగు మీద నిలబడి, గట్టిగా బిగించకండి, దానికి ఊపిరాడాలి అని అక్కడినుంచే అరిచాడు. ఇవాళ్టికీ మన వీధి కుక్కల మెడల్లో ఉన్నవి మన చొక్కాల ముక్కలే.

ఇదీ బాబాయ్. అందరికంటే ముందు వద్దనేవాడు. వద్దన్న పనికి అందరికంటే ముందు వచ్చేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, ఇష్టం లేని పనికి ఇంత కష్టపడటం ఎందుకు బాబాయ్ అని. మిషను ఆపకుండానే అన్నాడు: "కత్తిరించే ముందు వంద అడగాలి అమ్మాయ్. కత్తిరించాక నోరు మూసుకుని కుట్టాలి."

ఆ మాటకి అర్థం నాకు గేటు దగ్గర తెలిసింది.

మన వీధిలో బండి ఒకటి పోయింది, మరోటి పోయింది. భయపడ్డాం. వీధి వెనక చివర ఇనుప గేటు పెట్టి, పొద్దున తీసి సాయంత్రం మూద్దాం అనుకున్నాం. తప్పు కాదు. కానీ బాబాయ్ చెయ్యెత్తాడు. గేటు అవతల బట్టల ఫ్యాక్టరీ ఉంది, అక్కడి ఆడపిల్లలు పని దిగేసరికి చీకటి పడుతుంది, మన వీధిలోంచి వెళ్తే బస్సు దగ్గర, గేటు మూసేస్తే లారీలు ఆగే రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి అన్నాడు. విన్నాం. విని, ఓడించాం. గేటు వచ్చింది. అప్పుడు కార్యదర్శిగారు అడిగారు, రోజూ తీసి మూసేది ఎవరు అని. ఈ హాల్లో అందరం మన చెప్పుల వంక చూసుకున్నాం. కిటికీ పక్కనుంచి ఆ చెయ్యే లేచింది. తాళంచెవి ఇటివ్వండి అన్నాడు.

ఆ రోజు నుంచీ సాయంత్రమైతే ఆయన స్టూలు గేటు పక్కన ఉండేది. ఒళ్ళో కాజాల పని, కళ్ళు దారి మీద. చివరి అమ్మాయి దాటేదాకా లేచేవాడు కాదు. ఆలస్యమైతే, ఇంకా ఎవరెవరు రావాలని ముందు వచ్చినవాళ్ళని అడిగేవాడు. అందరూ వెళ్ళాక తాళం వేసి, వేసిన తాళాన్ని ఒకసారి లాగి చూసి, అప్పుడు అన్నం తినేవాడు. సాయంత్రం అంటే ఎన్ని గంటలకో మనం రాయలేదు కాబట్టి, మన తీర్మానానికి అక్షరం లోటు రానివ్వలేదు. ఆ ఆడపిల్లల్లో ఒక్కరిని కూడా ఆ లారీల రోడ్డు మీదికి పోనివ్వలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా చేయవచ్చో మనలో ఎవరికైనా తట్టిందా?

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి.

నన్ను అధ్యక్షురాలిని చేసిన రోజు మీరంతా చప్పట్లు కొట్టారు. ఒక చెయ్యి మాత్రం అభ్యంతరం అని లేచింది. కారణం అడిగితే చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి, నా మొట్టమొదటి స్కూలు బట్టలు కుట్టిన మనిషి, అందరి ముందూ నా మీద చెయ్యెత్తుతాడా? ఆ దుకాణం ముందునుంచి తల తిప్పుకుని నడిచాను. బట్టలు ఇంకోచోట కుట్టించుకున్నాను. అవి కుదరలేదు. ఆ కోపం కూడా ఆయన మీదే చూపించాను.

అప్పటికి మా అమ్మ మంచం మీద ఉంది. ఎవరో ఒకరు పక్కన లేకపోతే మంచినీళ్ళు కూడా తాగలేకపోయేది. మొదటి సమావేశం రోజు సాయంత్రం, అమ్మని వదిలి ఎలా వెళ్ళాలా అని గుమ్మంలో కొట్టుమిట్టాడుతుంటే పిన్ని వచ్చింది. ఇదిగో, ఈ పిన్నే. లోపలికి వచ్చి, అమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని అంది: "మీ బాబాయ్ చెయ్యెత్తింది నీ మీద కాదే. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్న పిల్ల నెత్తిన ఇంకో బరువు పెడతారా అని. ఎలాగూ ఓడిపోయాడు. ఇక అందులో మా వంతు మోయమన్నాడు. నువ్వెళ్ళు."

మా అమ్మ పోయేదాకా ఏ ఒక్క సమావేశం రోజునా పిన్ని మా ఇంటికి రావడం మానలేదు. నేను హాలుకి వెళ్ళేసరికి బాబాయ్ కుర్చీలు సర్ది ఉంచేవాడు. నాతో ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కృతజ్ఞతలు సన్మానం రోజున చెప్పుకుందాం అనుకున్నాను. ఆ కాగితంలో చివరి వాక్యం అదే.

సన్మానం అనగానే ఏం జరిగిందో మీకు తెలుసు. దానికీ చెయ్యెత్తాడు. బతికున్న దర్జీకి సన్మానం ఏమిటి, కుట్టినందుకు డబ్బులు తీసుకున్నాను కదా అన్నాడు. హాలంతా నవ్వింది. ఓడించాం. ఆయన్ని ఓడించినందుకు మనం అంత సంతోషపడటం అదే మొదటిసారి. ఇంటికి వెళ్ళేటప్పుడు గొణుక్కుంటూ వెళ్ళాడు.

ఆ వారమే, పొద్దున్న గేటు తీసి వచ్చి, మిషను ముందు కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పిన్ని వంటింట్లో ఉంది. మిషను చప్పుడు ఆగితే, దారం మారుస్తున్నాడు అనుకుంది. ఎంతకీ మళ్ళీ మొదలు కాలేదు.

ఆ సాయంత్రం గేటు ఎవరూ మూయలేదు. మూయాలని ఎవరికీ తోచలేదు. తాళంచెవి ఆయన జేబులో ఉంది.

నేను పిన్నిని పట్టుకుని ఏడుస్తూ అన్నాను. తను ఓడిపోయాక ఏ తీర్మానాన్నీ కాదనని మనిషి ఈ ఒక్కదానికి ఇలా చేశాడేమిటి పిన్నీ, సన్మానం వద్దనుకుని వెళ్ళిపోయాడా అని. దుఃఖంలో అన్నాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని దుకాణంలోకి తీసుకెళ్ళి మిషను చూపించింది.

మిషను మీద ఒక కొత్త చొక్కా ఉంది. తెల్లది, సన్న గీతలది. ఎవరిదని అడిగాను. ఆయనదేనట. ఊరందరికీ కుట్టిన మనిషి, తనకంటూ ఎప్పుడూ కొత్తది కుట్టుకోని మనిషి, గిరాకీవాళ్ళు వదిలేసిన చొక్కాలే సరిచేసుకుని తొడుక్కున్న మనిషి, సన్మానానికని చొక్కా కుట్టుకుంటున్నాడు. కాలరు అయిపోయింది. గుండీలు కుట్టేశాడు. ఎడమ చెయ్యి అతికించాడు. కుడి చెయ్యి సూది కింద ఉంది.

కత్తిరించాక కుట్టాలి అన్నాడు కదా. కుడుతూనే పోయాడు.

నా కన్నీళ్ళు ఆ చొక్కా మీద పడతాయేమోనని పక్కకి జరిగాను. అప్పుడు గేటు వైపునుంచి వీళ్ళు వచ్చారు, ఈ అమ్మాయిలు. స్టూలు ఖాళీగా ఉందేమిటని చూడటానికి వచ్చి, సంగతి తెలిసి గుమ్మంలో నిలబడిపోయారు. పిన్ని వాళ్ళ వంక చూసింది, మిషను వంక చూసింది. అంతే. వాళ్ళలో ఒకమ్మాయి చేతులు కడుక్కుని వచ్చి ఆ మిషను ముందు కూర్చుంది. మిగతావాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ఆయన ఆపిన చోటునుంచే కుట్టి, దారం తెంపి, ఇస్త్రీ చేసి పిన్ని చేతికిచ్చింది. బాబాయ్‌ని ఆ చొక్కాతోనే సాగనంపాం.

నేను చెప్పదలచుకున్నది ఇంకొక్కటే.

నిన్న వీధిలో ఒక మాట నా చెవిన పడింది. ఇక రోజూ తీసి మూసేవాళ్ళు ఎవరు దొరుకుతారు, ఆ గేటుకి శాశ్వతంగా తాళం వేసేస్తే ఒక పని తగ్గుతుంది, వచ్చే సమావేశంలో తీర్మానం పెడదాం అని. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నేను వాళ్ళని నిందించను. పెట్టండి. మీ హక్కు అది.

కానీ ఆ రోజు నేను అడుగుతాను, అభ్యంతరం ఉన్నవారు చెయ్యెత్తండి అని. అడిగి, అందరం అలవాటు కొద్దీ కిటికీ వైపు చూస్తాం. అక్కడ ఖాళీ కుర్చీ ఉంటుంది. అందుకని ముందే చెప్తున్నాను, ఆ వైపు చూడకండి. ఇటు చూడండి. నా చెయ్యి లేచి ఉంటుంది. ఓడిపోతే ఓడిపోతాను. ఓడిపోతే ఆ తాళం నేనే వేస్తాను, వేసి, ఒకసారి లాగి కూడా చూస్తాను. ఆ తర్వాత రోజూ సాయంత్రం అవతల వైపుకి వెళ్ళి, ఈ అమ్మాయిలతో పాటు ఆ లారీల రోడ్డు మీదుగా బస్సు దాకా నడుస్తాను. ఆయన దగ్గర నేర్చుకున్నది ఈ రెండే. చెయ్యెత్తడం ఒకటి, ఎత్తాక తప్పించుకోకపోవడం ఒకటి.

తాళంచెవి పిన్ని నాకిచ్చింది. ఇదిగో. ఇందాక గేటు తీసే వచ్చాను.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. ఆ కుర్చీని అలాగే ఉండనివ్వండి, ఎవరూ జరపకండి. ఆయన్ని తలుచుకుని కాసేపు మాటలన్నీ ఆపుదాం. ఏడుపు వస్తే ఆపుకోనక్కర్లేదు.

కార్యదర్శిగారూ, మీరు లేచే ముందు కాగితం మీద ఒక్క మాట. ఎప్పటిలాగే రాసుకోండి. ఒకరు.