సగం గిన్నె

కనుమ దారి మలుపుల్లో పాత జిగులి కారు దిగుతోంది. పెట్రోలు ఇంజను పీకేసి బ్యాటరీలు పెట్టిన బండి. లోపల భార్యాభర్తలు, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్ల.

“కమురు వాసన వస్తోంది,” అంది భార్య.

“బ్రేకులవి.”

“మోటారే బండిని పట్టి ఆపుతుందని ఊరంతా చెప్పావు కదా.”

“ఆపాలంటే అప్పుడు పుట్టే కరెంటు బ్యాటరీలోకి పోవాలి. అందులో చోటు లేదు.”

“ఎందుకు లేదు?”

“పైన కల్మత్ తాత గుడారం దగ్గర నిండా చార్జింగ్ పెట్టాను.”

“దిగేవాడికి సగం చాలని ఆయన చెప్పాడు.”

“ఊరికే ఇస్తున్నాడు కదా అని...”

“అతిథికి చాయ్ కూడా మనం గిన్నె నిండా పొయ్యం. నిండా పోస్తే లేచి పొమ్మన్నట్టు. నువ్వేమో అడిగి మరీ నింపించుకున్నావు.”

“తర్వాత తిట్టు. బ్రేకు పెడలు లోపలికి దిగిపోతోంది.”

“కుడిపక్క కంకర కుప్ప ఉంది. అందులోకి పోనీ. పోనీ అంటుంటే.”

బండి కంకర కుప్పలోకి దూసుకెళ్లి ఆగింది. పిల్ల లేవలేదు.

“ఇప్పుడేం చేద్దాం?”

“బ్రేకులు చల్లారాక వెనక్కి తిప్పు.”

“మళ్లీ పైకా?”

“ఎక్కితే చార్జింగ్ తగ్గుతుంది. చోటు దొరికాక దిగుదాం.”

“తాత అడిగితే ఏం చెప్పను?”

“ఏం చెప్పకు. సగం గిన్నె పోస్తాడు. నోరు మూసుకుని తాగు.”