బోల్టు కింద రంగు

మండపేట మిల్లుకి ధాన్యం ఎత్తిన ట్రాక్టరు ట్రక్కుకి వెనక లైట్లు వెలగడం లేదు. పొద్దు వాలిపోతోంది. భర్త ట్రక్కు కింద దూరితే మీనాకుమారి టార్చి పట్టుకుంది.

"బల్బులు కొత్తవే, వైర్లూ బాగున్నాయి. ఇంకేంటి దీని రోగం?"

"దసరాకి రంగులేసిందెవరండీ?"

"నేనే. అయితే?"

"ఎర్త్ తీగ బోల్టు కింద కూడా పూసేసి బిగించారుగా. ఇనుము తగలకపోతే లైటెలా వెలుగుతుందండీ?"

"గీకేద్దును గానీ... ఎవరికీ కనపడదని అక్కడ నీ పేరు రాశాను."

"ఇంట్లో 'ఇదిగో' తప్ప పేరు పెట్టి పిలవరు. ట్రక్కు కింద రాశారా!"

"గీకొద్దంటావా?"

"ఒక్కసారి పిలిచి గీకండి."

అతను ట్రక్కు కింద నుంచే అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీనాకుమారీ, ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇయ్యి."

ఆమెకి స్పష్టంగానే వినపడింది.

"ఏంటండీ? వినపళ్ళేదు."