అరపండు లెక్క

ఊరగాయల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు లేబుళ్ళు రాసి రిటైరైన సెరిజావా, సాయంత్రం పేట స్నానశాలలో వేడినీళ్ళ తొట్టిలోకి మెడ దాకా దిగాడంటే కోతలు మొదలైనట్టే. ఆ వేళ అదే తొట్టిలో పక్కన కూర్చున్న ఒకుడాకి అవి వినే ఓపిక లేదు. భార్య షిగెనోకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. రోజుకి ఆరు గ్రాముల ఉప్పు దాటితే ఇక రక్తం కడిగే మిషను మీద పెట్టాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పాడు. ఉప్పులో ఊరిన ఉమే పండు లేనిదే ఆవిడకి ముద్ద దిగదు. అందుకే సెరిజావా ఫ్యాక్టరీ సీసాయే కొంటున్నారు. ఒకసారికి ఉప్పు సున్నా పాయింట్ ఎనిమిది గ్రాములే అని దాని మీద ఉంది మరి.

"నేను చేరినప్పుడు పండుకి ఒకటీ పాయింట్ ఆరు గ్రాముల ఉప్పుండేది," అన్నాడు సెరిజావా. "ఒక్క రవ్వ తియ్యకుండా సగం చేశా. ఎలాగో తెలుసా?"

"ఎలాగ?"

"ఒకసారికి తినేది అరపండు అని చీమ తలకాయంత అక్షరాల్లో రాశా. అంతే. మా ఓనరు వంగి దండం పెట్టాడనుకో. పై ఏడు పావుపండన్నా. ఆ పై ఏడు పండు వాసన చూస్తే చాలన్నా, ఉప్పు సున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒసాకా నుంచి తనిఖీ ఆఫీసరొచ్చి, పండు నోట్లో వేసుకుని లేబుల్ చదివాడు. చదువుతుండగానే నోరు చప్పబడిపోయింది, పాపం, ఉప్పడిగాడు. ఇక మైనస్ రాసిన సీసాలున్నాయి చూడు, అవి ఎక్కించిన పడవ మునిగి మూడ్రోజులు సముద్రం చప్పబడింది. చేపలు ఉప్పు కోసం మా గేటు ముందు బారులు తీరాయి."

"బారు తప్పకుండా నిలబడ్డాయా?" అన్నాడు తలంటుకుంటున్న ముసలాయన.

ఒకుడా మాత్రం అరపండు దగ్గరే ఆగిపోయాడు. "ఆ మొదటిది నిజమేనా?"

"అదొక్కటే నిజం," అని నవ్వాడు సెరిజావా.

షిగెనో రోజుకి తినే పళ్ళు ఒకుడా వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"సెరిజావా గారూ," ఆడవాళ్ళ వైపు నుంచి షిగెనో గొంతు వినిపించింది. మధ్య గోడ కప్పు దాకా ఉండదు, ఇటు మాటలన్నీ అటు వినపడుతూనే ఉన్నాయి. "మీ సీసా చదివే నేను రోజుకి నాలుగు పళ్ళు తింటున్నాను. ఎంతవుతుందో మీరే చెప్పండి."

ఆ లెక్క సెరిజావాకి కంఠతా వచ్చు.

"ఆరు పాయింట్ నాలుగు," అని గొణిగాడు. "రేపట్నుంచి అరపండు మించి తినకండమ్మా."

"గట్టిగా చెప్పండి," అంది షిగెనో. "ఇక్కడున్న ఆరుగురి ఇళ్ళలోనూ మీ సీసాయే ఉంది."