నూరు చింతగింజల సీసా

1992 ఆగస్టు 17వ తేదీన, యానాం నుంచి ఒక్క ట్రంకు పెట్టెతో పుదుచ్చేరి వచ్చి, మన వైద్యశాలలో ఫార్మసిస్టుగా చేరిన శ్రీ కె. బుల్లిరాజు గారు, ముప్పైనాలుగేళ్ల నిర్విరామ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మందు చేతికిచ్చి పంపేయడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు. అందుకే ఆయన కిటికీ ముందు వరుస ఎప్పుడూ పొడుగే, మన విసుగూ అంతే పొడుగు.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట, రెడ్డియార్‌పాళయం వీధుల్లో ఆకుకూరలమ్మే జయమ్మాళ్ గారి భర్తకు రక్తపోటు మాత్రలిస్తూ, కర్తవ్యదీక్షతో వాటి దుష్ఫలితాలన్నీ ఏకరువు పెట్టారు. మాత్ర మానేస్తే ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. ఆ మనిషి హడలిపోయి మాత్రలు మానేశారు. మూడు నెలలకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. జయమ్మాళ్ గారు ఒక్క నిష్ఠూరమూ ఆడలేదు. బుల్లిరాజు గారికే చాలాకాలం అన్నం సహించలేదు. ఆ తప్పును ఆయన దాచుకోక, కొత్తగా చేరిన ప్రతివారికీ తొలి పాఠంగా చెప్పారు.

ఆయన బల్లమీదికి నూరు చింతగింజల సీసా వచ్చింది అప్పుడే. మీలాంటివారు నూరుమంది ఉంటే, ఈ మందుతో ఇందరికి మేలు, ఇందరికి కీడు, మానేస్తే ఇందరికి ముప్పు అని, చదువురాని వారికి సైతం గింజలు విడదీసి చూపేవారు. పిమ్మట, "మీకు దేనికి ఎక్కువ భయం?" అని అడిగి, జవాబు ఓపికగా వినేవారు.

ఆరేళ్ల కిందట జయమ్మాళ్ గారికే గుండె లయ తప్పింది. రక్తం పలచబరిచే మాత్ర పక్షవాతం ముప్పును తగ్గిస్తుంది. కానీ తరచూ తూలిపడే మనిషి, తలకు దెబ్బ తగిలితే నెత్తురు ఆగదేమోనని వైద్యులు సందేహించారు. మళ్లీ అదే ఇల్లు! బుల్లిరాజు గారు గింజలు పరిచి, ఒక్కో కుప్పనూ రెండేసిసార్లు లెక్కపెట్టారు. ఆమె కుప్పలన్నీ తేరిపార చూశారు.

"ఏంది సారూ, పడితే పడతా. ఆయన మాదిరి నోరు పడిపోతే నేను యాడ కేకేసి అమ్మేది?"

ఆ మాత్రకు వైద్యులూ సమ్మతించారు. ఆ ఆదివారమే బుల్లిరాజు గారు వెళ్లి, ఆమె స్నానాలగదిలో పట్టుకోవడానికి ఇనుప కడ్డీ బిగించి వచ్చారు. ఆమె కేక నేటికీ ఆ వీధుల్లో వినిపిస్తోంది.

సతీమణి నాగశ్రీ గారితో కలిసి వారు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని మనం సభ పెట్టి చెప్పేలోపే, జయమ్మాళ్ గారు మొన్న గంపతో సహా వచ్చి, ఆ సీసాను ఆయన దోసిట్లో బోర్లించి, వరుసంతా వినబడేలా అనేశారు:

"నూరూ నీకు మేలే నాయనా. ఒక్కటీ పక్కకు తీయొద్దు."