మరీ నున్నగా కుదిరిన గీత

పందొమ్మిది వందల తొంభై ఏడు జూన్ పదహారున మా జీవవైద్య పరిశోధన సంస్థలో గణితాచార్యులుగా చేరిననాడు, ‘అనుమానం మేడమ్’ అన్న బిరుదు తన కోసం కాచుకుని ఉందని మేడమ్‌కు తెలియదు. వైద్యులతోనూ జీవశాస్త్రజ్ఞులతోనూ నిండిన ఆ భవనంలో లెక్కలావిడకు దక్కింది మెట్ల కింద, కిటికీ లేని గది. పరిశోధక విద్యార్థులు తమ ఫలితాలకు ఆమోదముద్ర వేయించుకోవాలని అక్కడికి వెళ్లి, తలనిండా ప్రశ్నలతో తిరిగివచ్చేవారు.

కొన్నేళ్లకు, ఆమె పర్యవేక్షణలోనే ఒక విద్యార్థిని కణితుల పెరుగుదలపై గణిత నమూనా నిర్మించి, డాక్టరేట్‌కు గ్రంథం సమర్పించే దశకు చేరింది. కొత్త మందు ఇచ్చిన ఎలుకల్లో కణితి ఎలా కరుగుతుందో ఆ నమూనా ముందే గీసి చూపింది. కొలతలన్నీ వచ్చి ఆ గీత మీదే కూర్చున్నాయి. విభాగాధిపతి ఉబ్బితబ్బిబ్బై, రోగులపై ప్రయోగానికి అనుమతి కోరే సన్నాహాల్లో పడ్డారు. మేడమ్‌కు మాత్రం అది మింగుడుపడలేదు. ప్రాణమున్నవి ఇంత బుద్ధిగా గీత మీద నడుస్తాయా?

“అంటే, దొంగలెక్కలు రాశానంటారా మేడమ్?” అంది ఆ అమ్మాయి.

“నువ్వు అబద్ధం చెప్పావనట్లేదమ్మా. ఈ లెక్కే నిజం చెప్తున్నట్టు లేదు.”

“శిష్యురాలి పేరు మోగిపోతుంటే ఆవిడకి కడుపుమంట!” అని విభాగాధిపతి వరండాలో అందరికీ వినబడేలా అన్నారు. ఆ మాట ఆమెను గుచ్చింది. నిజంగానే అసూయేమోనని తనను తానే అనుమానించుకున్నారు. అయినా మర్నాడు ఎలుకల గదిలో స్టూలు వేసుకుని, ఆ అమ్మాయి కొలతలు తీయడం చూస్తూ కూర్చున్నారు.

కణితి మెత్తటిది, కొలిచే పరికరాన్ని కాస్త బిగిస్తే చిన్నదిగా కనబడుతుంది. ఏ పంజరానికి మందు ఇచ్చారో ఆ అమ్మాయికి తెలుసు. అక్కడికి రాగానే ఆ పిల్ల వేళ్లు, తనకే తెలియకుండా, రవ్వంత ఎక్కువ బిగుస్తున్నాయి.

“పంజరాల మీది చీటీలు తీయించి, ఏది ఏదో తెలియనివాళ్లతో కొలిపిద్దాం. నువ్వూ వద్దు, నేనూ వద్దు. నా చేతిని కూడా నమ్మలేం,” అన్నారు మేడమ్.

అలా కొలిపిస్తే మందు మహిమ దాదాపు మాయమైంది. రోగులపై ప్రయోగం ఆగింది, గ్రంథం వాయిదా పడింది, విభాగాధిపతి మాట్లాడటం మానేశారు. “ఇంట్లో ఏం చెప్పను?” అని అమ్మాయి కుమిలిపోతే, మేడమే వాళ్లింటికి వెళ్లారు. తల్లి గుమ్మంలోనే నిలదీసింది: “మా పిల్లని ఇన్నేళ్లు చదివించి, ఇప్పుడు తప్పుచేసిందంటారా?”

“తప్పు చెయ్యలేదండీ, బయటపెట్టింది. ఆ మందును నమ్ముకుని, ఇప్పుడున్న చికిత్స మానుకోబోయే రోగుల్ని కాపాడింది.”

కొలిచేవారి ఆశ కొలతను ఎలా వంచుతుందో, దాన్ని గణితంతో ఎలా సవరించాలో నిరూపించి ఆ అమ్మాయి డాక్టరేట్ పొందింది. నేడు మా సంస్థలోనే ఆచార్యురాలు. చాలాకాలానికి విభాగాధిపతి కూడా మెట్ల కింద గది తలుపు తట్టారు. చేతిలో సొంత ఫలితాలు.

“కాస్త... అనుమానించి పెట్టండి,” అన్నారు.

ఆమె నవ్వి కుర్చీ జరిపారు.

నేడు పదవీ విరమణ చేస్తున్న ఆమెకు ఇకపై ఉదయాలు తీరిగ్గా తెల్లవారాలనీ, కంటిచూపూ కాలిసత్తువా కలకాలం ఆమె మాట వినాలనీ, తనవారి నడుమ నిండునూరేళ్లు చల్లగా ఉండాలనీ సహోద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాము. ఈ ఒక్క కోరికనైనా ఆధారాలు అడగకుండా స్వీకరించవలసిందిగా మనవి.