తొమ్మిదిమంది చూసిన ఫోటో

కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు బయట మెట్ల మీద సీనియర్ కూర్చుని ఉంది. జూనియర్ లోపలినుంచి వచ్చి పక్కన కూలబడింది.

"ఏమన్నారే?"

"నా పోస్టులన్నీ ప్రింటు తీసి పెట్టుకున్నారక్కా."

"ఆ సైట్లోవా? దాని పేరే ఎవరికీ తెలీదు కదా."

"అందుకేగా అక్కడ మొదలుపెట్టమన్నావు. పెద్దవాటిలో మనల్నెవరూ పట్టించుకోరు, ఇక్కడైతే ఉద్యోగాలిచ్చేవాళ్ళ కంట్లో పడతామని."

"చదువు గురించి రాయమన్నాను. నువ్వేం రాశావు?"

"కష్టపడే పిల్లననుకుంటారని, హోటల్లో వారానికి ముప్ఫై ఆరు గంటలు పనిచేస్తూ చదువుతున్నానని, అక్కడ దిగిన ఫోటో పెట్టి మరీ రాశాను."

"మన వీసా మీద వారానికి ఇరవై గంటలకి మించి పనిచేయకూడదు కదే."

"మొత్తం తొమ్మిదిమందే చూశారక్కా. అందులో ఒకరు ఈ ఆఫీసావిడ. సిఫారసు లెటర్ కోసం లింకు నేనే పంపాను."

"సరే, ఏడవకు. ఏదో గొప్పకి రాశానని చెప్పు. హోటలాయనతో నేను మాట్లాడతాలే."

"ఫోటోలో నా పక్కన గిన్నెలు తోముతున్నదెవరని అడిగారక్కా."

సీనియర్ ఆమె భుజం మీది చేయి తీసేసింది.

"ఎవరని చెప్పావు?"

"నేనేం చెప్పలేదు. నాకీ పని ఇప్పించింది నువ్వేనని, థ్యాంక్స్ చెప్తూ కింద నీ పేరు రాశాను కదా."